కుర్చీ చేసిన రైతుబిడ్డ: సర్ జేమ్స్ మార్టిన్

మా ఊరు మేడ్చల్ దిక్కు. అటు దుండిగల్, ఇటు హకీంపేట. రెండు చోట్లా వైమానిక దళం వాళ్ళు కుర్రాళ్ళకు విమానం నడపడం నేర్పుతారు. మేము మళ్ళో వంగి కలుపు తీస్తుంటే నెత్తిమీదుగా ఆ శిక్షణ విమానాలు రొద చేసుకుంటూ పోయేవి. పిల్లలం నడుం ఎత్తి చూసేవాళ్ళం. మా నాయన చూసేవాడు కాదు. ఆయనకు కలుపు ముఖ్యం. ఒక్కసారి మాత్రం తలెత్తి చూసి, అంత ఎత్తున ఉండగా ఇంజను ఆగిపోతే అందులో కూర్చున్న పిల్లగాని గతి ఏమిటని నన్ను అడిగాడు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ప్యారాచూట్ కట్టుకుని దూకుతాడని చెప్పాను. అంత జోరులో ఎట్లా దూకుతాడురా, గాలి వెనక్కు కొట్టదా అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు డిగ్రీకి వచ్చాక దొరికింది. మా ఊరి మీద తిరిగిన ఆ కిరణ్ విమానాలు బెంగుళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు తయారు చేసినవే గాని, అందులోని కుర్చీ మాత్రం మార్టిన్-బేకర్ అనే ఇంగ్లండు కంపెనీది. ఆపద వస్తే ఆ కుర్చీయే పైలట్‌ను విమానంలోంచి బయటికి విసిరేస్తుంది. దాన్ని ఎజెక్షన్ సీటు అంటారు. ఆ కంపెనీ చరిత్ర చదవబోతే అది చాలావరకు ఒక్క మనిషి చరిత్రే అయింది. అందులోనూ ఆ మనిషి రైతుబిడ్డ, కాలేజీ గడప తొక్కనివాడు. అందుకే ఈ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు ఆయన గురించే రాయాలనిపించింది.

పొలం నుంచి షెడ్డుకు

జేమ్స్ మార్టిన్ 1893 సెప్టెంబరు 11న ఐర్లండులోని డౌన్ కౌంటీలో, క్రాస్‌గర్ అనే ఊళ్ళో పుట్టాడు. ఈనాడు ఆ ప్రాంతం ఉత్తర ఐర్లండు కిందికి వస్తుంది. తండ్రి వ్యవసాయదారుడు. వ్యవసాయంతోపాటు కొత్త పనిముట్లు చేసే యావ కూడా ఆయనకు ఉండేది. జేమ్స్‌కు రెండేళ్ళప్పుడే ఆయన చనిపోయాడు. తల్లే పెంచి పెద్ద చేసింది. తండ్రి చేతి విద్య మాత్రం కొడుక్కు ఎట్లా వచ్చిందో గాని, రక్తంలోనే వచ్చింది. ఇనుము, కట్టె, పట్టకారు, సుత్తి ఇవే అతని ఆటవస్తువులు. యౌవనంలో అడుగు పెట్టేనాటికే సొంతంగా యంత్రాలు తయారుచేసి అమ్మేవాడు. మూడు చక్రాల కారు ఒకటి కూడా రూపొందించాడు.

పెద్ద చదువులు ఆయన చదవలేదు. ఇంజనీరింగు డిగ్రీ లేదు. వంగిన ఇనుపకడ్డీని చూసి అది ఎక్కడ విరుగుతుందో చెప్పగలిగే కన్ను ఒక్కటే ఆయన ఆస్తి. మన పల్లెల్లో కూడా ఇటువంటివాళ్ళు ఉంటారు. మోటారు చెడిపోతే ఏ పుస్తకమూ చూడకుండా విప్పి, కడిగి, బిగించి నడిపించేవాళ్ళు. వాళ్ళకూ మార్టిన్‌కూ తేడా ఏమిటంటే, మార్టిన్ చేసింది చాలనుకుని ఊరుకోలేదు. ఎందుకు నడిచింది, ఎందుకు ఆగింది అని వెంటపడి తేల్చుకునేదాకా నిద్రపోయేవాడు కాదు.

తొలి ప్రపంచయుద్ధం తర్వాత ఆయన లండన్ నగరంలోని ఆక్టన్ ప్రాంతంలో చిన్న షెడ్డు పెట్టుకుని, యుద్ధంలో వాడి వదిలేసిన లారీలు, వాహనాలు కొని బాగుచేసి అమ్ముతూ బతికాడు. మనసంతా మాత్రం విమానాల మీద ఉండేది. 1929లో బకింగ్‌హామ్‌షైర్ జిల్లాలోని డెన్‌హామ్ అనే చోట మార్టిన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ వర్క్స్ అని బోర్డు కట్టాడు. బోర్డు పెద్దదే, పెట్టుబడి చిన్నది. మొదట తలపెట్టింది ఇద్దరు కూర్చునే విమానం. ఇంజను ముక్కులో కాకుండా మధ్యలో పెట్టి, పొడుగాటి ఇరుసు ద్వారా ముందున్న పంకాను తిప్పాలని పథకం. డబ్బు చాలక అది సగంలోనే ఆగిపోయింది. చేలో పెట్టుబడి పెట్టి వాన రాక ఆగిపోయిన రైతు ఏం చేస్తాడు? మళ్ళీ దుక్కి దున్నుతాడు. మార్టిన్ కూడా అదే చేశాడు.

ఇద్దరు మిత్రులు

ఆ రోజుల్లో వాలెంటైన్ హెన్రీ బేకర్ అనే పైలట్ ఇంగ్లండులో చాలా పేరున్నవాడు. తొలి ప్రపంచయుద్ధంలో నౌకాదళం, పదాతిదళం, వైమానిక దళం మూడింటిలోనూ పనిచేసిన అరుదైన వ్యక్తి. గల్లిపోలి యుద్ధంలో మెడలో దిగిన తూటాను తీస్తే ప్రాణానికే ముప్పని డాక్టర్లు చెప్పగా, దాన్ని అట్లాగే ఉంచుకుని తిరిగాడు. యుద్ధం తర్వాత విమానం నడపడం నేర్పే గురువయ్యాడు. 1930లో ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరిన ఏమీ జాన్సన్ ఆయన శిష్యురాలే.

మార్టిన్ చేసేవాడు, బేకర్ నడిపేవాడు. ఒకరికి చేతులు, ఒకరికి రెక్కలు. ఇద్దరికీ స్నేహం కుదిరింది. 1934 ఆగస్టు 17న మార్టిన్-బేకర్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ పుట్టింది. ఫ్రాన్సిస్ ఫ్రాన్సిస్ అనే సంపన్నుడు డబ్బు పెట్టాడు.

తొలి విమానం ఎం.బి.1 1935లో ఎగిరింది. సన్నని ఉక్కు గొట్టాలతో, తేలికగా చేసిన చిన్న విమానం. తర్వాత ఎం.బి.2 అనే ఫైటర్ 1938 ఆగస్టు 3న బేకర్ చేతుల మీదుగా గాలిలోకి లేచింది. ఎనిమిది తుపాకులు, సులభమైన నిర్మాణం. మెకానిక్కులు తొందరగా విప్పి బాగుచేసుకునేటట్టు రేకులన్నీ ఊడదీసే ఏర్పాటు. లారీలు బాగుచేసిన చెయ్యి కదా, బాగుచేసేవాడి కష్టం తెలుసు! కాని ప్రభుత్వం ఆర్డరు ఇవ్వలేదు.

యుద్ధం మొదలైంది. కంపెనీకి విమానాల ఆర్డర్లు రాలేదు గాని, మార్టిన్ బుర్రలోంచి పుట్టిన చిన్నచిన్న సాధనాలకు గిరాకీ వచ్చింది. శత్రు విమానాలను అడ్డుకోవడానికి బెలూన్లకు ఇనుప తీగలు కట్టి ఎగరేసేవారు. ఆ తీగ విమానం రెక్కకు తగిలితే దానంతట అదే తెగిపోయే కత్తెర ఒకటి చేశాడు. స్పిట్‌ఫైర్ ఫైటరులో పైలట్ నెత్తిన ఉండే గాజు కప్పు ఆపదలో చటుక్కున ఊడిపోయే ఏర్పాటు చేశాడు. కాక్‌పిట్‌లో ఒక చిన్న రబ్బరు బంతి వేలాడుతుంటుంది. దాన్ని పట్టి లాగితే చాలు, కప్పు ఎగిరిపోతుంది. మంటల్లో, పొగలో, కళ్ళు కనపడనివాడికి కూడా చేతికి దొరకాలని బంతి పెట్టాడు. ఆ బంతిలోనే తర్వాతి మార్టిన్ మనకు కనిపిస్తాడు.

మూడో విమానం ఎం.బి.3 1942 ఆగస్టు 31న మొదటిసారి ఎగిరింది. నేపియర్ సేబర్ ఇంజను, రెక్కల్లో ఆరు ఫిరంగులు. రెండు వారాలు కూడా తిరగలేదు. సెప్టెంబరు 12న వింగ్ అనే విమానాశ్రయం నుంచి బేకర్ దాన్ని పైకి లేపాడో లేదో ఇంజను ఆగిపోయింది. దూకడానికి ఎత్తు లేదు. పక్కనున్న పొలంలో దింపబోయాడు. రెక్క చెట్టు మోడుకు తగిలింది. విమానం ముక్కలై తగలబడింది. బేకర్ అక్కడికక్కడే చనిపోయాడు.

తన చేత్తో చేసిన యంత్రంలోనే ప్రాణస్నేహితుడు పోతే ఆ చేతులకు ఎట్లా ఉంటుంది? మార్టిన్ కంపెనీ పేరులోంచి బేకర్ పేరు తీసెయ్యలేదు. ఈనాటికీ ఆ పేరు అట్లాగే ఉంది. కాని ఆ రోజు తర్వాత ఆయన ఆలోచన మారింది. అంతవరకు విమానం ఎట్లా ఎగరాలి అన్నది ప్రశ్న. ఇప్పుడు అది పడిపోయేటప్పుడు మనిషి ఎట్లా బతకాలి అన్నది ప్రశ్న.

జెట్టు తెచ్చిన చిక్కు

1944 మే 23న ఎం.బి.5 ఎగిరింది. గంటకు 460 మైళ్ళ వేగం. పిస్టన్ ఇంజనుతో నడిచే ఫైటర్లలో మేటి అని దాన్ని నడిపిన పైలట్లు మెచ్చుకున్నారు. అయినా ఏం లాభం? అప్పటికే జెట్ విమానం వచ్చేసింది. 1944 జులైలో గ్లోస్టర్ మీటియర్ అనే జెట్ బ్రిటిష్ వైమానిక దళంలో చేరింది. ఎం.బి.5 ఒక్కటే తయారై, ఒక్కటిగానే మిగిలిపోయింది. అమ్ముడుపోయే విమానం చెయ్యాలన్న కోరిక మార్టిన్‌కు అట్లా తీరకుండానే పోయింది.

అయితే జెట్లు కొత్త చిక్కు తెచ్చాయి. సరిగ్గా మా నాయన అడిగిన చిక్కే. నెమ్మదిగా పోయే విమానంలోంచి అయితే పైలట్ లేచి, రెక్క మీదికి వచ్చి దూకవచ్చు. గంటకు 300, 400 మైళ్ళ వేగంలో గాలి గోడలాగా నొక్కేస్తుంది. లేవడమే గగనం. ఒకవేళ లేచినా గాలి వెనక్కు విసిరి తోక రెక్కకు కొడుతుంది. అంటే మనిషి తన బలంతో బయటపడలేడు. ఎవరో ఒకరు బయటికి గెంటాలి.

ఈ ఆలోచన మార్టిన్ ఒక్కడిది కాదు. జర్మనీ, స్వీడన్ దేశాల్లో ఇటువంటి కుర్చీల మీద పని అప్పటికే జరిగింది. 1942 జనవరిలో ఒక జర్మన్ పైలట్ అట్లా బయటపడ్డాడు కూడా. 1944లో బ్రిటన్ విమానోత్పత్తి శాఖ ఈ పని మార్టిన్‌ను చూడమంది. ఆ శాఖకు అప్పుడు మంత్రి సర్ స్టాఫర్డ్ క్రిప్స్. 1942లో మన దేశానికి రాయబారం వచ్చిన ఆ క్రిప్సే.

మార్టిన్ మొదట విమానం వీపు మీద పొడుగాటి చెయ్యి ఒకటి అమర్చి, స్ప్రింగు బలంతో అది పైలట్‌ను కొక్కెంతో పైకి లాగి పడేసే పద్ధతి అనుకున్నాడు. బావిలోంచి బొక్కెన చేదినట్టు అన్నమాట. తర్వాత దాన్ని వదిలేసి, కుర్చీనే పట్టాల మీద నిలబెట్టి, కింద మందు పేల్చి పైకి నెట్టడం మేలని నిశ్చయించాడు.

బస్తా లెక్క

ఇక్కడినుంచి కథ మన భౌతికశాస్త్రంలోకి వస్తుంది.

డెన్‌హామ్ ఫ్యాక్టరీలో 16 అడుగుల ఎత్తు ముక్కాలి దూలం ఒకటి నిలబెట్టారు. దాని ఒక కాలుకు పట్టాలు, ఆ పట్టాల మీద కుర్చీ. మొదట మనిషి బరువున్న బొమ్మను కూర్చోబెట్టి పేల్చి చూశారు. తర్వాత 1945 జనవరి 24న బెర్నార్డ్ లించ్ అనే ఫిట్టర్ తానే కూర్చుంటానని ముందుకొచ్చాడు. ఆయన శాస్త్రజ్ఞుడు కాదు, సైనికుడు కాదు, అదే కంపెనీలో పనివాడు. మొదటిసారి 4 అడుగుల 8 అంగుళాలు పైకి లేచాడు. తర్వాత మందు కొంచెం కొంచెంగా పెంచుతూ 10 అడుగుల దాకా వెళ్ళాడు. అక్కడ ఒంట్లో ఇబ్బంది మొదలైందని చెప్పాడు. తర్వాత సరదాపడి కూర్చున్న ఒక పత్రికా రచయితకు వెన్నుపూసలు నలిగిపోయాయి.

ఇంకొకరైతే మందు తగ్గిద్దాం అనుకుని ఊరుకునేవాళ్ళు. కాని మందు తగ్గిస్తే కుర్చీ తోకను దాటదు. పెంచితే నడుం విరుగుతుంది. మార్టిన్ పేలుడు సంగతి పక్కనపెట్టి, మనిషి వీపు సంగతి చదవడం మొదలుపెట్టాడు. ఆస్పత్రికి వెళ్ళి వెన్నెముక ఆపరేషన్లు దగ్గర నిలబడి చూశాడు. మనిషి వెన్నెముక ఒకటి సంపాదించి, ఒక్కొక్క పూస ఎంత బరువుకు నిలుస్తుంది, ఏ కోణంలో కూర్చుంటే బరువు సమానంగా దిగుతుంది అని పరిశీలించాడు. యాభై ఏళ్ళు దాటిన మనిషి, డిగ్రీ లేని మనిషి, మళ్ళీ విద్యార్థి అయ్యాడు.

ఆయన తేల్చింది ఇది. త్వరణం భూమ్యాకర్షణకు 21 రెట్లు, అంటే 21 జి దాటకూడదు. అంతకన్నా ముఖ్యం, ఆ త్వరణం పెరిగే వేగం సెకనుకు 300 జి మించకూడదు. అంటే సున్నా నుంచి 21 జి చేరడానికి కనీసం సెకనులో నూటికి ఏడో వంతు పట్టాలి. ఆ కాస్త వ్యవధిలోనే మనిషి బతుకు ఉంది.

ఈ రెండో నియమం మొదట నాకు అర్థం కాలేదు. బరువు అంతే అయినప్పుడు అది మెల్లగా వస్తే ఏమిటి, వేగంగా వస్తే ఏమిటి అనుకున్నాను. అప్పుడు మా చిన్నాయన గుర్తుకొచ్చాడు. ఆయన చాలా ఏళ్ళు హమాలీ పని చేశాడు. 70 కిలోల వడ్ల బస్తాను ఇద్దరు మనుషులు చెవులు పట్టి మెల్లగా వీపు మీద పెడితే, ఆయన పలక మీద నడుచుకుంటూ పోయి లారీ నింపేవాడు. రోజుకు అట్లా ఎన్నో బస్తాలు. ఒకనాడు తొందరలో పైనున్నవాడు బస్తాను పెట్టలేదు, వదిలేశాడు. అదే బస్తా, అదే వీపు, అదే 70 కిలోలు. ఆ తర్వాత మా చిన్నాయన మళ్ళీ వంగి నాటు వెయ్యలేదు.

మార్టిన్ కనిపెట్టింది బస్తాను విసరకుండా పెట్టే పద్ధతి. 70 కిలోల మనిషికి 21 జి దగ్గర తన ఒంటి బరువు 1,470 కిలోలుగా అనిపిస్తుంది. అంటే 21 వడ్ల బస్తాలు ఒక్కసారి వీపు మీద! వాటిని పెట్టడానికి ఆయన ఒక్క తూటాకు బదులు రెండు తూటాల గన్ తయారుచేశాడు. ఒకదానిలో ఒకటి దూరే గొట్టాలు. మొదటి తూటా పేలి కుర్చీని మెల్లగా కదిలిస్తుంది. కుర్చీ కాస్త దూరం లేచాక ఆ మంటే రెండో తూటాను అంటిస్తుంది. బరువు మెట్టుమెట్టుగా పడుతుంది. పైలట్ తల వంచుకుని ఉంటే మెడ విరుగుతుంది కదా! అందుకు కుర్చీ పైభాగాన ఒక గుడ్డ తెర పెట్టాడు. రెండు చేతులా దాన్ని ముఖం మీదికి లాగితేనే గన్ పేలుతుంది. ఆ లాగడంలో తల, వెన్ను వాటంతట అవే నిటారు అవుతాయి. గాలి దెబ్బనుంచి ముఖానికి కాపు కూడా. ఒక్క పనితో మూడు ఉపయోగాలు.

తర్వాత వచ్చిన మూడో రకం కుర్చీలో ఈ గన్ 6 అడుగుల దూరంలో సెకనుకు 80 అడుగుల వేగం ఇచ్చేది. మనం ఇంటర్మీడియట్‌లో నేర్చుకున్న సూత్రంతో లెక్క వెయ్యండి. వేగం వర్గాన్ని రెండింతల దూరంతో భాగించండి. సగటున సుమారు 16.5 జి వస్తుంది. 21 జి హద్దుకు లోపలే. ఈ లెక్క నేను వేసి చూసుకున్న రోజు, పరీక్ష కోసం కాకుండా మొదటిసారి ఒక సూత్రాన్ని నా కోసం వాడుకున్నాననిపించింది.

లించ్ దూకాడు, లాంకాస్టర్ బతికాడు

1946 జులై 24. చాల్‌గ్రోవ్ విమానాశ్రయం మీద ఒక మీటియర్ జెట్ 8,000 అడుగుల ఎత్తున గంటకు 320 మైళ్ళ వేగంతో పోతోంది. వెనక సీటులో బెర్నార్డ్ లించ్. తెర ముఖం మీదికి లాగాడు. కుర్చీతో సహా ఆకాశంలోకి ఎగిరాడు. కుర్చీనుంచి విడిపడి, ప్యారాచూట్ విప్పుకుని క్షేమంగా నేల మీద దిగాడు. తర్వాత కూడా ఈ సాహసి సుమారు 30 సార్లు ఇట్లా ఎగిరి పరీక్షలు చేశాడు. పైలట్ల ప్రాణాల కోసం ఒక ఫిట్టర్ తన వెన్ను పణంగా పెట్టాడు. మార్టిన్ పేరు చెప్పుకున్నప్పుడల్లా లించ్ పేరు కూడా చెప్పుకోవాలి.

1947లో బ్రిటన్ ప్రభుత్వం తమ కొత్త సైనిక జెట్లలో ఈ కుర్చీనే వాడాలని నిశ్చయించింది. విమానం అమ్ముకోలేని కంపెనీ ప్రతి విమానంలోనూ కూర్చుంది!

పరీక్ష కాదు, నిజమైన ఆపద 1949 మే 30న వచ్చింది. తోకే లేని ఏ.డబ్ల్యు.52 అనే ప్రయోగ విమానాన్ని జో లాంకాస్టర్ నడుపుతున్నాడు. వార్విక్‌షైర్ మీద ఉండగా అది విపరీతంగా ఊగిపోయింది, అదుపు తప్పింది. ఆయన తెర లాగాడు. బ్రిటన్‌లో ప్రాణాపాయంలో ఈ కుర్చీ వాడి బతికిన తొలి మనిషి ఆయనే. దెబ్బలు తగిలాయి గాని ప్రాణం దక్కింది. అప్పుడాయనకు 30 ఏళ్ళు. ఆ తర్వాత ఇంకా 70 ఏళ్ళు బతికి, నిండు నూరేళ్ళు నిండాక 2019లో కన్నుమూశాడు. ఆ డెబ్భై ఏళ్ళూ ఆ కుర్చీ ఇచ్చినవే.

నేల మీద నుంచి కూడా

మార్టిన్ అక్కడితో ఆగలేదు. మొదటి రకం కుర్చీలో బయటపడ్డ పైలట్ తానే బెల్టు విప్పుకుని, కుర్చీని తన్నేసి, ప్యారాచూట్ తాడు లాగాలి. స్పృహ తప్పినవాడు ఏం లాగుతాడు? అందుకని రెండో రకంలో అన్నీ వాటంతట అవే జరిగేటట్టు గడియారం లాంటి యంత్రం పెట్టాడు. చాలా ఎత్తున ప్యారాచూట్ విప్పుకుంటే ఊపిరాడక, చలికి చచ్చిపోతారు. అందుకని గాలి పీడనాన్ని కనిపెట్టి, 10,000 అడుగులకు దిగేవరకు ప్యారాచూట్ విప్పనివ్వని ఏర్పాటు చేశాడు. మన ప్రయోగశాలలో మూలన ఉండే బారోమీటరు సూత్రమే అది.

1954లో మధ్యధరా సముద్రంలో విమానవాహక నౌక మీంచి లేచిన ఒక వైవర్న్ విమానం ఇంజను ఆగి నీళ్ళలో పడింది. పైలట్ నీళ్ళ అడుగున ఉండగానే కుర్చీ పేల్చుకుని బయటపడ్డాడు.

ఇక మిగిలింది బేకర్ చనిపోయిన పరిస్థితి. నేలకు దగ్గర్లో, దూకడానికి ఎత్తు లేనప్పుడు ఎట్లా? 1955 సెప్టెంబరు 3న స్క్వాడ్రన్ లీడర్ జాన్ ఫిఫీల్డ్ చాల్‌గ్రోవ్‌లో రన్‌వే మీద పరిగెడుతున్న మీటియర్‌లోంచి ఎగిరి క్షేమంగా దిగాడు. 1961లో కుర్చీ కింద రాకెట్టు చేర్చారు. ఆ ఏప్రిల్ 1న డాడీ హే అనే ఆయన కదలకుండా నేల మీద ఉన్న కుర్చీలోంచే పైకి ఎగిరి ప్యారాచూట్‌తో దిగాడు. ఎత్తు సున్నా, వేగం సున్నా. అప్పటికి బేకర్ పోయి దాదాపు 19 ఏళ్ళు. ఆ పొలంలో ఆ రోజు ఇటువంటి కుర్చీ ఒకటి ఉండి ఉంటే అని మార్టిన్ ఎన్నిసార్లు అనుకున్నాడో మనకు తెలియదు. కాని ఆయన చేసిన పనులన్నీ వరసగా పెట్టి చూస్తే, దారి అంతా ఆ పొలం వైపే పోయినట్టు నాకనిపిస్తుంది.

చివరి రోజులు

మార్టిన్‌కు కమిటీలంటే, ఫైళ్ళంటే పడేది కాదంటారు. ఆఫీసులో కంటే యంత్రాల మధ్యే ఎక్కువ కనిపించేవాడట. 1965లో సర్ బిరుదు వచ్చింది. 1957లో ఆ కంపెనీ ఒక చిత్రమైన సంఘం పెట్టింది. తమ కుర్చీ వల్ల బతికిన ప్రతివారికీ ఒక టై బహుమతిగా ఇస్తారు. ఆ టై కొనుక్కుంటే దొరకదు! చావు దాకా పోయి వచ్చినవాళ్ళకే దొరుకుతుంది.

1981 జనవరి 5న, 87వ ఏట సర్ జేమ్స్ మార్టిన్ కాలధర్మం చెందాడు. చివరిదాకా కంపెనీ పనులు చూస్తూనే ఉన్నాడు. తర్వాత కవల కుమారులిద్దరూ ఆ బాధ్యత స్వీకరించారు. ఆ కుర్చీల వల్ల ఇంతవరకు బతికినవారి సంఖ్య 7,600 దాటింది.

మెచ్చుకునేటప్పుడు నిజం దాచకూడదు. 2011 నవంబరులో ఇంగ్లండులో నేల మీద నిలిచి ఉన్న ఒక విన్యాస దళ విమానంలో ఈ కంపెనీ కుర్చీ అనుకోకుండా పేలింది. ప్యారాచూట్ తెరుచుకోలేదు. పైలట్ చనిపోయాడు. ఒక బోల్టు అవసరానికి మించి బిగిసి ఉండటమే ప్యారాచూట్ రాకపోవడానికి కారణం. కంపెనీ తప్పు ఒప్పుకుంది. 2018లో కోర్టు 11 లక్షల పౌన్ల జరిమానా వేసింది. ఒక బోల్టు ఎంత బిగించాలి అన్నది చిన్న విషయమా? రబ్బరు బంతి దగ్గర కూడా ఆలోచించిన మనిషి పెట్టిన కంపెనీలోనే అది జరిగింది. జాగ్రత్త అనేది వారసత్వంగా రాదు. ప్రతి తరమూ కొత్తగా నేర్చుకోవాలి.

మన సంగతి

మన కిరణ్‌లోనే కాదు, మన జాగ్వార్‌లో, మన తేజస్‌లో కూడా మార్టిన్-బేకర్ కుర్చీలే. 2024 మార్చి 12న జైసల్మేర్ దగ్గర ఒక తేజస్ విమానం కూలిపోయినప్పుడు దాని పైలట్ క్షేమంగా బయటపడ్డాడు. ఐర్లండులోని ఒక పొలంలో పుట్టిన ఆలోచన రాజస్థాన్ ఇసుకలో ఒక తల్లి కడుపుకోత తప్పించింది.

మిత్రులారా, ఇది రాస్తున్నంతసేపూ ఒక మాట నన్ను పీడిస్తూనే ఉంది. పైలట్ వెన్నెముకకు ఎన్ని జి లు, సెకనుకు ఎంత చొప్పున అని ఒక మనిషి కూర్చుని లెక్క కట్టాడు. మా చిన్నాయన వెన్నెముకకు ఎవరు కట్టారు? బస్తాలు మోసే వీపులకు, ఒండ్రులో రోజంతా వంగి నాట్లు వేసే అమ్మల నడుములకు లెక్క ఎవరు కడతారు? దానికి జెట్టు విమానం అక్కరలేదు. మనం చదువుతున్న ఈ సూత్రాలే చాలు. మనిషిని ముందు కొలిచి, యంత్రాన్ని తర్వాత చేసే బుద్ధి ఒకటి కావాలి. మార్టిన్ నుంచి మనం నేర్చుకోవలసింది అదే అని నా నమ్మకం.

మొన్న సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ కథంతా మా నాయనకు చెప్పాను. ఎప్పుడో అడిగిన ప్రశ్నకు జవాబు తెచ్చినందుకు సంతోషించాడు. బస్తా పోలిక దగ్గర మాత్రం ఏమీ మాట్లాడలేదు, మా చిన్నాయన ఇంటి వైపు చూశాడు. కాసేపాగి, ఆ కుర్చీ చేసినాయన ఎంత చదివాడని అడిగాడు. కాలేజీకి పోలేదని చెప్పాను. మా నాయన నవ్వి, మరి కాలేజీకి పోయినవాడివి నువ్వేం చేస్తావురా అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు నేనింకా వెతుకుతున్నాను. ఈ సంచిక చదువుతున్న మీరు కూడా వెతుకుతారని ఆశిస్తున్నాను.

తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి